మట్టిలోని వరహా – మరలివచ్చిన రివాల్వరు

ఏలూరు జిల్లా కొయ్యలగూడెం మండలంలో 2022 సంవత్సరం చివర ఒక ఆయిల్‌పామ్ తోటలో గొట్టం వేయడానికి భూమి త్రవ్వుతూ ఉండగా చిన్న మట్టిపాత్ర ఒకటి బయటపడినది. దానిలో పదునెనిమిది బంగారు నాణేలున్నవి. తోటవారు ఆ సంగతిని రెవిన్యూ అధికారులకు తెలిపినారు. నాణేలు రెండు శతాబ్దాలకు పైబడినవని అప్పుడు అనుకొన్నారు. ఆ వార్త విన్న ప్రతివారూ ముందుగా వేసిన ప్రశ్న ఒకటే: "వాటి వెల ఎంత?"

వినడానికి ఇది చాలా చిన్న ప్రశ్న. సమాధానం మాత్రం అంత చిన్నది కాదు. బంగారు నాణేనికి ఒక వెల కాదు, మూడు వెలలుంటవి. మొదటిది లోహం వెల; దానిని త్రాసు, ఒరగల్లు తేల్చి చెప్పగలవు. రెండవది ముద్ర వెల. ఆ ముద్ర వేసిన ప్రభుత్వం ఇంత అని శాసించినది. మూడవది చరిత్ర వెల. ఆ నాణెం ఎవరి కాలంనాటిది, ఎక్కడ దొరికినది, అటువంటివి ఎన్ని మిగిలినవి అనే దానిని బట్టి ఏర్పడేది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల చరిత్రను ఈ మూడు వెలల వెలుగులో చూచినట్లయితే మన తాతముత్తాతలు బంగారాన్ని ఎందుకు నమ్మినారో, కాగితాన్ని ఎందుకు శంకించినారో తెలియగలదు.

ఏలూరికి సమీపంలోని పెదవేగి ఒకప్పటి వేంగీపురం. అక్కడినుండి ఏలిన తూర్పు చాళుక్యులకు వరాహం రాజలాంఛనం. చాళుక్య శక్తివర్మ, రాజరాజ నరేంద్రుడు వేయించిన పలుచని బంగారు నాణేల నడుమ వరాహం కనిపిస్తుంది. ఆ నాణేలు మన దేశంలోనే కాక బర్మా తీరంలోని చెడూబా దీవిలోను, సయాంలోను దొరకడం విశేషం. వేంగీ రాజు పేరు ఎరుగని సముద్రం ఆవలి వర్తకుడు కూడ ఆ బంగారాన్ని స్వీకరించినాడన్న మాట. తర్వాతి కాలంలో దక్షిణదేశంలో బంగారు నాణేలకు వాడుకలోకి వచ్చిన "వరహా" అన్న పేరు ఈ వరాహ లాంఛనం నుండి వచ్చినదే. శాసనాలలో దేవాలయాలకు అఖండ దీపాలు నిలిపినవారు సమర్పించిన "మాడలు" కూడ బంగారపువే. మాడ పేరుకు ముందు తరచుగా రాజు పేరో బిరుదో చేరి ఉంటుంది. రాజు మారితే నాణెం పేరు మారేది. దీపానికి నేయి పోసేవాడు మాత్రం బరువు చూచి పుచ్చుకొనేవాడు.

ఈ బరువు సంగతి జ్ఞాపకముంచుకోదగినది. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వేయించిన నక్షత్ర వరహా సుమారు 3.4 గ్రాములు తూగుతుంది. దానిలో అయిదింట నాలుగు పాళ్లు మేలిమి. ఒక వరహాకు 42 ఫణాలు, ఒక ఫణానికి 80 కాసులు చొప్పున కంపెనీ లెక్కలు నడిచినవి. ఆ లెక్కలోని కాసు చిన్న రాగి నాణెం. ఈనాడు మన ఇళ్లలో "కాసు" అంటే ఎనిమిది గ్రాముల బంగారం. ఒకే మాట రాగినుండి బంగారానికి ఎక్కినది. 1818లో మద్రాసు ప్రభుత్వం వెండి రూపాయిని ప్రమాణ నాణెంగా చేసి, నూరు వరహాలకు 350 రూపాయలని నిర్ణయించినది. నాటినుండి వరహా వ్యవహారం క్రమంగా లెక్కల పుస్తకాలనుండి తొలగిపోయినది. అయినా తొలగినది ముద్ర వెలయే. మట్టిలో దాచిన వరహా లోహం ఎప్పటివలెనే ఉండిపోయినది.

నాణేనికి, ఆయుధానికి గల సంబంధం మన ఊళ్లలోనే ఒకసారి స్పష్టంగా కనిపించినది. 1758 డిసెంబరులో చందుర్తివద్ద ఫ్రెంచివారిని ఓడించిన కర్నల్ ఫోర్డు 1759 ఫిబ్రవరిలో ఏలూరు చేరి అక్కడ సుమారు మూడు వారాలు ఆగిపోయినాడు. అతని సైన్యం ఖర్చులకు విజయనగర ప్రభువు ఆనందరాజు నెలకు 50,000 రూపాయల చొప్పున ఇచ్చే ఒప్పందం ఉండినది. ఆ డబ్బు సక్రమంగా అందలేదు. మార్చి మొదట ఫోర్డు కొల్లేటి ప్రాంతం మీదుగా సాగి మచిలీపట్టణం కోటముందు దిగినాడు. అక్కడ అతని తెల్ల సిపాయిలే బాకీ జీతాలకు, కొల్లగొట్టబోయే సొమ్ములో వాటాకు తిరగబడి, లేకున్న వెళ్లిపోతామన్నారు. వారిని బుజ్జగించి, ఏప్రిల్ 7 రాత్రి ముట్టడి సాగించి ఫోర్డు కోటను పట్టుకొన్నాడు. ఉత్తర సర్కారులు ఎవరి చేతిలో పడవలెనో నిర్ణయించిన ఆ యుద్ధంలో ఒక దశలో తుపాకులు నిలిచిపోయినవి. మందుగుండు లేక కాదు, నాణెం లేక.

కంపెనీ పోయి రాణి ప్రభుత్వం వచ్చిన తర్వాత ఒకే సంవత్సరంలో మన విషయానికి సంబంధించిన రెండు చట్టాలు పుట్టినవి. అది 1878, రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు. ఆ యేటి ఆరవ చట్టం నిధి నిక్షేపాలను గురించినది. పదకొండవ చట్టం ఆయుధాలను గురించినది. నడుమ తొమ్మిదవ చట్టం దేశభాషా పత్రికల నోరు కట్టినది. భూమిలో దొరికే బంగారం, ఇంటిలో ఉండే తుపాకి, పత్రికలో వచ్చే మాట—మూడింటి మీదను ప్రభుత్వం ఒకే యేట చేయి వేసినది.

ఈ మూడింటిలో నిక్షేపాల చట్టం కొంత న్యాయమైనదే. పది రూపాయలకు మించిన నిధి భూమిలో దొరికినప్పుడు దొరికినవాడు కలెక్టరుకు తెలియజేయవలెను. హక్కుదారు ఎవరూ రుజువు కాకపోతే, వేరే ఒడంబడిక లేని పక్షంలో మూడుపాళ్లు దొరికినవానికి, ఒక పాలు భూమి యజమానికి చెందవలెను. ప్రభుత్వం తానే ఆ వస్తువును తీసుకొనదలచినట్లయితే లోహం విలువకు మరి అయిదవ వంతు చేర్చి ఇవ్వవలెను. పాతనాణెం విలువ కేవలం బంగారం విలువ కాదని చట్టమే ఒప్పుకొన్నదన్న మాట. ఆ అయిదవ వంతు చరిత్రకు కట్టిన వెల. చాలని వెలయే కావచ్చును. కాని ఆ సూత్రం గొప్పది.

ఆయుధాల చట్టం దారి వేరు. దాని ప్రకారం భారతీయుడు అనుమతిపత్రం లేనిదే తుపాకి ఉంచుకొనరాదు, ఐరోపీయులకు మినహాయింపు. కొల్లేటికి బాతుల వేటకు వచ్చే దొరకు అనుమతి అక్కరలేదు. అదే కొల్లేటి గట్టున పంట కాచుకొనే కాపుకు కావలెను. బంగారం విషయంలో త్రాసు ఇద్దరికీ ఒకటే. తుపాకి విషయంలో త్రాసే రెండైనది. అందుచేతనే కాంగ్రెసు మహాసభ తొలినాళ్లనుండి ఈ చట్టాన్ని నిరసిస్తూ వచ్చినది.

ఆయుధం ఎవరిదన్న ప్రశ్న 1922లో మన్యంలో తీవ్రరూపం దాల్చినది. భీమవరం దగ్గరి మోగల్లు వంశీకుడైన అల్లూరి సీతారామరాజు ఆ యేడు ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను పట్టి అక్కడి తుపాకులను, తూటాలను తీసుకొన్నాడు. తీసుకొన్న ఆయుధాల లెక్కను ఠాణా దస్తరంలోనే వ్రాసి సంతకం చేసినాడని ప్రసిద్ధి. అది దొంగతనం కాదని, లెక్క చెప్పి తీసుకొనడమని చాటినట్లు జనం అర్థం చేసుకొన్నారు.

ఆ కాలపు ఆంగ్ల అధికారుల నడుమున తోలు సంచిలో వ్రేలాడిన ఆయుధం చాలాభాగం వెబ్లీ రివాల్వరు. దీనిని బ్రిటిషు సైన్యం 1887లో స్వీకరించినది. 1915లో వచ్చిన ఆరవ నమూనా మొదటి ప్రపంచయుద్ధంలో విరివిగా వాడబడినది. ఆరు తూటాలు పట్టే చక్రం, నడుమ కీలు. పైన మీట నొక్కి విరిచితే కాలిన తొడుగులన్నీ ఒక్కసారే బయటికి వస్తవి. బురదలోను, వానలోను మొరాయించదని దానికి పేరు. మన జనానికి మాత్రం అది ఒక యంత్రంగా గాక, ఒక అధికారచిహ్నంగానే పరిచయం. కాసుమీది రాజు తల ఎట్లో, దొర నడుమున ఆ తుపాకి అట్లు.

ఇక రాజు తల ఉన్న కాసు కథ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయినది. కాలువలు ఏలూరు దాకా, తాడేపల్లిగూడెం పరిసరాల దాకా సాగినవి. వరి పండినది, ధాన్యం ఎగుమతి అయినది, రైతు చేతిలో రొక్కం నిలిచినది. ఆ రొక్కంలో కొంత బంగారంగా మారినది. 1899లో ప్రభుత్వం ఇంగ్లండు సావరిన్‌ను పదిహేను రూపాయల చెల్లుబడితో ఇక్కడి నాణెంగా అంగీకరించినది. 7.988 గ్రాముల బరువు, ఇరువదిరెండు కారట్ల వన్నె, దానిలో మేలిమి 7.32 గ్రాములు. మన ఎనిమిది గ్రాముల కాసుకు సరితూగేది ఈ నాణెమే. ఒకవైపు రాజు తల, మరొకవైపు గుఱ్ఱమెక్కి సర్పాన్ని చంపుతున్న జార్జి యోధుడు. చెవులు వేసి దండ గ్రుచ్చితే అది కాసులపేరు. రాజు కోసం కాదు, వన్నె తప్పదన్న నమ్మకం కోసం మన స్త్రీలు ఆ ముద్రను మెడలో వేసుకొన్నారు.

యుద్ధకాలంలో వెండికి కరువు వచ్చినది. 1917లో ఒక రూపాయి కాగితపు నోటు వచ్చినది. జనం కాగితాన్ని నమ్మక లోహం కోరినారు. లండనునుండి బంగారు నాణెం తెప్పించడం కష్టమైనందున 1918లో బొంబాయిలోనే లండను టంకశాల శాఖను తెరచినారు. అక్కడ సుమారు పదమూడు లక్షల సావరినులు, అదే బరువు గల పదిహేను రూపాయల మొహరులు సుమారు ఇరువది యొక్క లక్షలు ముద్రించినారు. బొంబాయి సావరినుకు గుర్తు చాలా చిన్నది: గుఱ్ఱం కాళ్ల క్రిందుగా, సంవత్సరానికి పైన నేలగీతమీద ఆంగ్లపు "ఐ" అన్న అక్షరం. ఇండియాకు అది పొడి అక్షరం. 1919లో ఆ శాఖ మూతపడినది.

తర్వాత జరిగినది ముద్ర వెలకు, లోహం వెలకు గల వైరాన్ని చక్కగా చూపుతుంది. 1920లో చట్టం సావరిను చెల్లుబడిని పదిహేను రూపాయలనుండి పదికి తగ్గించినది. బజారులో బంగారం అంతకంటె ప్రియంగానే ఉన్నది. పదికి ఎవరిస్తారు? నాణేలు కాసులపేర్లలోకి, భూమిలోకి, గోడలలోకి పోయినవి. 1927లో సావరిను చెల్లుబడి నాణెంగా ఉండడమే మానినది. కాని ఖజానాలు దానిని 13 రూపాయల 5 అణాల 4 పైసలకు తీసుకొనే ఏర్పాటు చేసినారు. తులం మేలిమికి 21 రూపాయల 3 అణాల 10 పైసలన్న ప్రభుత్వపు ధరకు ఈ లెక్క సరిపోతుంది. అదే ధరకు లెక్కకట్టితే 1818లో మూడున్నర రూపాయల నక్షత్ర వరహా కూడ దాదాపు అయిదు రూపాయలు పలుకుతుంది. మద్రాసు ప్రభుత్వం మరచిన నాణెం మట్టిలో ఉండగానే వెల పెంచుకొన్నది!

1930 ప్రాంతాల ప్రపంచమాంద్యం వచ్చేసరికి ధాన్యం ధర కూలినది. శిస్తు మాత్రం తగ్గలేదు. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారు ప్రమాణాన్ని వదలగానే రూపాయలలో బంగారం వెల ఎగసినది. అప్పు తీర్చడానికి, శిస్తు కట్టడానికి దేశమంతటా రైతులు నగలమ్మినారు. ఆ బంగారం ఓడలెక్కి పడమరకు తరలిపోయినది. ఆర్థికవేత్తలు దానికి పెట్టిన పేరు "ఆపద బంగారం". డెల్టాలో మూడు తరాల కాలువనీరు పండించిన కాసులు కొన్ని ఆ విధంగానే వెళ్లిపోయినవి. బంగారం మదుపు అని మనం ఈనాడు తేలికగా అంటాము. ఆనాటి తల్లులకు అది చివరి గట్టు. దాని వెనుక ఇక వేరే గట్టు లేదు.

రెండవ ప్రపంచయుద్ధంలో తాడేపల్లిగూడెంవద్ద సైనిక విమానాలకై పొడవైన రన్‌వే నిర్మించినారు. దేశమంతటా ఇట్టి నిర్మాణాలకు, సైన్యాల కొనుగోళ్లకు నోట్లు విపరీతంగా వెలువడినవి, ధరలు పెరిగినవి. ఆ వేడిని చల్లార్చడానికి 1943 ఆగస్టునుండి రిజర్వు బ్యాంకు మిత్రరాజ్యాల తరఫున ఇక్కడి బజారులో బంగారం అమ్మినది. పన్నెండేండ్ల క్రిందట ఆపదలో చవుకగా వెళ్లిపోయిన బంగారం ఇప్పుడు హెచ్చు ధరకు తిరిగివచ్చినది. అమ్మిన చేతులు, కొన్న చేతులు ఒకటి కావు.

స్వాతంత్ర్యం తర్వాత బంగారంమీదను, ఆయుధంమీదను మన చట్టాలే వచ్చినవి. 1878 ఆయుధాల చట్టం స్థానే 1959 చట్టం వచ్చినది. దానిలో జాతిభేదం లేదు. చైనా దాడి అనంతరం 1963 జనవరిలో బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చి, పదునాలుగు కారట్లకు మించిన నగ చేయరాదన్నవి. ఎందరో స్వర్ణకారులు వృత్తి కోల్పోయినారు. 1968లో అది పూర్తి చట్టమైనది, 1990లో రద్దయినది. రూపాయి లోపలి విలువ తగ్గుతూ వచ్చిన ఆ యేండ్లన్నిటిలోను గృహిణి కాసును కాసుగానే దాచినది.

కాలచక్రంలో రెండు పాత వస్తువులు కొత్త ముద్రతో మన దేశానికి మరలివచ్చినవి. 2013లో లండను టంకశాలవారి అనుమతితో ఎమ్‌ఎమ్‌టిసి–పాంప్ సంస్థ ఇక్కడే సావరినులు ముద్రించడం ఆరంభించినది. 1918నాటి "ఐ" అక్షరం వాటిమీద మళ్లీ కనిపించినది. 2015లో అశోకచక్రం గల భారత బంగారు నాణెం వెలువడినది. 2020లో వెబ్లీ పేరుగల రివాల్వరును ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయి జిల్లా సండీలాలో తయారు చేయడానికి ఏర్పాట్లు జరిగినవి. నిజానికి వెబ్లీ రూపురేఖలు మన దేశాన్ని పూర్తిగా వీడిపోనేలేదు. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారంలో తయారైన.32 రివాల్వరు వెబ్లీ నమూనాను అనుసరించినదే. ఇటువంటి పునరాగమనం ఇతర దేశాలలోను ఉన్నది: అమెరికాలో 1955లో పుట్టి 2005లో ఆగిన కోల్ట్ కంపెనీ "పైతాన్" రివాల్వరు 2020 జనవరిలో తిరిగివచ్చినది. పాతవాటిపై మమత మనుషులకు సహజం.

అయితే ఈ రెండు పునరాగమనాలు ఒకటి కావు. సావరిను ఎవరైనా కొనవచ్చును. త్రాసులో వేసి అమ్మవచ్చును. రివాల్వరుకు ఉక్కు వెల అత్యల్పం. దానికి ప్రాణమంతా అనుమతిపత్రంలో ఉన్నది. 2019 సవరణ ప్రకారం ఒక వ్యక్తికి రెండు ఆయుధాలకు మించి అనుమతి లేదు. తాతగారి తుపాకి అని వారసుడు దాచుకొన్నా, అనుమతి తన పేర మారకపోతే అది వారసత్వం కాదు, నేరం. బంగారం తన విలువను తానే మోస్తుంది. ఆయుధం విలువను సంఘం మోయవలసి వస్తుంది. సంఘం అదుపు తప్పితే ఆ బరువు మనుషుల మీదనే పడుతుంది.

చివరకు మన మొదటి ప్రశ్నకు వద్దాము. పాత నాణెం చేతికి వచ్చినప్పుడు ముందు త్రాసును అడగండి. మూడున్నర గ్రాములకు లోపుగా ఉన్నట్లయితే వరహా కావచ్చును. ఎనిమిదికి రవంత తక్కువైతే సావరిను కావచ్చును. పదకొండు పైచిలుకు అయితే పాతకాలపు మొహరు కావచ్చును. తరువాత అద్దం పెట్టి ముద్రను చదవండి. ఈ రెండూ చేయకుండా కంసాలి మూసలో వేయకండి. ఈ మాట నేను పుస్తకం చూచి చెప్పడం లేదు. కొల్లేటి గట్టున మా అమ్మమ్మగారి ఇంట నాలుగు సావరినులుండేవి. ఒక పెండ్లికి గాజులు చేయించడానికి వాటిని కరగించినారు. తూకం సరిగానే వచ్చినది. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. ఎన్నో యేండ్ల తర్వాత ఆ "ఐ" అక్షరం సంగతి చదివినప్పుడు, వాటిలో ఒకదానిపై నేలగీతమీద చిన్న గీటువంటిది ఉండేదని అమ్మమ్మ చెప్పినది. అది ఆ అక్షరమో, చెవి వేసినప్పటి గీటో ఇక తేల్చేవారు లేరు. గాజులలో బంగారం ఉన్నది, కథ లేదు.

భూమిలో దొరికినవాటి విషయంలో నష్టం ఇంకా పెద్దది. కొయ్యలగూడెం పిడతలోని నాణేలు పదునెనిమిదీ కలిసి ఒక్క వాక్యం వంటివి: ఎవరో ఒక యేట భయపడి, తిరిగి రావాలనుకొని, రాలేకపోయినారు. వాటిని విడదీసి, కరగించి పంచుకొంటే ఆ వాక్యం చెదరిపోతుంది. కలెక్టరుకు తెలిపినవారు తమ వాటాను పోగొట్టుకొన్నవారు కారు. చట్టం వాటాను గుర్తించినది. వారు నిలిపినది తమది మాత్రమే కాని మూడవ వెలను. అది వేంగి నుండి కొల్లేటి వరకు ఈ నేలమీద పుట్టినవారందరి ఉమ్మడి ఆస్తి.

రాజులు మారినారు, ముద్రలు మారినవి, పదిహేను పదియైనది, పది పదమూడైనది. త్రాసు ముల్లు మాత్రం మధ్యనే నిలిచినది. ఆ ముల్లు చెప్పగలిగినది సగమే. మిగిలిన సగం చెప్పవలసినవారము మనము.